దోహాలో మట్టి పావురాలు

దోహాలో అల్ సద్ పాత పేట. నగరం నడిబొడ్డు నుంచి కాస్త పడమరకు వస్తే పెద్ద రోడ్డుకు రెండు పక్కలా దుకాణాలు, హోటళ్లు, ఆసుపత్రులు, వాటి వెనక సందుల్లో ఫ్లాట్లు. పోస్టుకార్డుల మీద కనిపించే అద్దాల మేడలన్నీ సముద్రం ఒడ్డున వెస్ట్ బేలో ఉన్నాయి. జనం కాపురాలు చేసుకునే దోహా మాత్రం ఇలాంటి పేటల్లోనే ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఇక్కడి కాలిబాటల మీద మలయాళం, ఉర్దూ, తగలోగ్, అరబ్బీ వినిపిస్తాయి. వాటి మధ్య జగిత్యాల యాసో గోదావరి యాసో చెవిన పడకపోదు. డ్రైవర్లు, అకౌంటెంట్లు, నర్సులు, సైట్ ఇంజినీర్లు అందరూ ఉంటారు. వారాంతపు సెలవు శుక్రవారంతో మొదలవుతుంది కాబట్టి గురువారం రాత్రి నుంచే వీధికి కళ వస్తుంది.

బయటి ప్రపంచానికి అల్ సద్ అంటే ముందు గుర్తొచ్చేది ఫుట్‌బాల్. 1969లో పుట్టిన అల్ సద్ స్పోర్ట్స్ క్లబ్ 1989లో ఒకసారి, 2011లో మరోసారి ఆసియా క్లబ్ ఛాంపియన్ అయింది. రెండోసారి ఫైనల్లో కొరియా జట్టు జియోన్‌బుక్‌ను దాని సొంత మైదానంలోనే పెనాల్టీల్లో ఓడించింది. స్పెయిన్ దిగ్గజాలు రౌల్, జావి ఆట చివరి ఏళ్లలో ఈ క్లబ్ చొక్కా వేసుకున్నారు. జావి తర్వాత ఇక్కడే కోచ్‌గా కూడా పనిచేశాడు. మన దగ్గర క్లబ్ అంటే పేకాట, టెన్నిస్ కోర్టు, సాయంత్రం పలహారం గుర్తొస్తాయి. గల్ఫ్‌లో క్లబ్ వేరు. ఒక పేట పిల్లల్ని ఏడెనిమిదేళ్ల వయసులో పట్టుకుని ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ నేర్పి జాతీయ జట్టు దాకా తీసుకెళ్లే బడి అది. దాని వెనక ప్రభుత్వం నిలబడి ఉంటుంది.

ఖతార్‌కు ఒలింపిక్ పతకం తెచ్చిన ఆటల్లో ఒకటి మాత్రం ఈ పేట మైదానాల్లో దొరకదు. దానికి విశాలమైన ఖాళీ నేల కావాలి, చప్పుడు భరించే దూరం కావాలి. ఆ ఆట నగరానికి ఉత్తరాన లుసైల్‌లో ఉంది. గాలిలోకి ఎగిరిన పళ్లేన్ని తుపాకీతో పేల్చే ఆట అది. స్కీట్, ట్రాప్ అని అందులో రెండు రకాలు. మన దేశపు షాట్‌గన్ క్రీడాకారుల జాతకాలు గత ఇరవై ఏళ్లలో ఎన్నోసార్లు తిరిగింది అక్కడే. దోహాలో బతుకుతున్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. ఆదివారం పేపర్లో ఈ కథ రాయాలనిపించడానికి అదే మొదటి కారణం.

అల్ సద్ నుంచి అక్కడికి వెళ్లడం కష్టమేమీ కాదు. పేట పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. గోల్డ్ లైన్ ఎక్కి ముషైరిబ్‌లో దిగి రెడ్ లైన్‌కు మారాలి. కార్నిష్, వెస్ట్ బే దాటాక కటారా వస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి చూడదగ్గ కట్టడం ఒకటుంది. డేగ కళ్లకు కప్పే తోలు టోపీ ఆకారంలో కట్టిన భవనం అది. డేగవేట అభిమానుల సంఘం అల్ గన్నాస్‌కు అదే నెలవు. ఎడారి అరబ్బులకు వేట అంటే మొదట డేగే. ఆ విద్యను యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, దాన్ని కాపాడుతున్న దేశాల్లో ఖతార్ పేరూ ఉంది. పైకి లేచిన పిట్ట ఏ దిక్కుకు ఒరుగుతుందో కనిపెట్టే చూపు ఆ నేలలో తరతరాలుగా ఉంది. తుపాకీ ఆట అక్కడ అంత త్వరగా వేరూనడానికి ఆ చూపు కూడా కారణమని నా నమ్మకం. కటారా తర్వాత ఇంకొన్ని స్టేషన్లకు రైలు లుసైల్‌లో ఆగిపోతుంది. అక్కణ్నుంచి రేంజికి టాక్సీ.

ఆట ఎలా సాగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. తెలియకపోతే ఇది వట్టి చప్పుడులాగే ఉంటుంది.

పళ్లెం అడ్డుకొలత 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. సున్నపురాయి పొడిని తారులాంటి జిగురుతో కలిపి అచ్చుపోస్తారు. పేరుకు మట్టి పావురమే అయినా అందులో మట్టి ఉండదు. ట్రాప్‌లో షూటర్లు ఒకే వరుసలో ఉన్న ఐదు స్థానాల్లో నిలబడతారు. ఎదురుగా పదిహేను మీటర్ల దూరంలో నేలలోకి దిగిన కందకం, అందులో పదిహేను యంత్రాలు. షూటర్ గొంతు వినగానే వాటిలో ఏదో ఒకటి పళ్లేన్ని విసురుతుంది. ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, నేల మీదుగా పోతుందో, పైకి లేస్తుందో ముందుగా తెలియదు. గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో అది షూటర్ నుంచి దూరంగా పారిపోతుంది. రెండు తూటాలు వాడొచ్చు. మొదటిది తప్పితే రెండోది. కానీ రెండోదానికి అందేసరికి పళ్లెం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

స్కీట్‌లో యంత్రాలు రెండే. అర్ధచంద్రాకారపు మైదానానికి ఎడమ చివర ఎత్తైన గూడు, కుడి చివర పొట్టి గూడు. పళ్లేలు పోయే దారి ఎప్పుడూ ఒకటే. మారేది షూటర్ నిలబడే చోటు. అర్ధచంద్రం అంచు పొడవునా ఏడు స్థానాలు, నడిమధ్యన ఎనిమిదోది. కొన్నిచోట్ల రెండు పళ్లేలు ఒకేసారి ఎదురెదురుగా వస్తాయి. ఒక్కోదానికి ఒక్క తూటానే. పైగా పళ్లెం కంటబడేదాకా తుపాకీ మడమ నడుము దగ్గరే ఉండాలి. పిలిచిన వెంటనే రావచ్చు, మూడు సెకన్లు ఆలస్యంగానైనా రావచ్చు. ఆ మూడు సెకన్ల మౌనమే స్కీట్‌లో అసలు పరీక్ష అని ఆడేవాళ్లంతా ఒప్పుకుంటారు.

పళ్లెం ఉన్నచోటికి గురిపెడితే తూటా వెనకే పోతుంది. అది చేరబోయే చోటికి గురిపెట్టాలి, ట్రిగ్గర్ నొక్కాక కూడా తుపాకీ ఆగకుండా కదులుతూనే ఉండాలి. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన వాడికి ఈ సంగతి ఒకరు నేర్పనక్కర్లేదు. తూటాలో సీసపు పూసల బరువు 24 గ్రాములకు మించకూడదు. అవి ముంత మూతి నుంచి చిమ్మిన నీళ్లలా విచ్చుకుని పోవు, కాస్త దూరం గుంపుగా కలిసే వెళతాయి. ఆ గుంపులోకి పళ్లెం వచ్చి దూరాలి. ఇరవై ఐదు పళ్లేలు ఒక రౌండు. అర్హత పోటీలో ఐదు రౌండ్లు, మొత్తం 125. అందులో కొన్ని తప్పినా ఫైనల్ కష్టమే. ఫైనల్లో వాడే పళ్లేల్లో రంగుపొడి నింపుతారు. పగిలినప్పుడు గాలిలో రంగు మేఘం లేస్తే గ్యాలరీలో పిల్లలు కూడా చప్పట్లు కొడతారు.

ఈ ఆట కడుపులో కాస్త పాపం ఉంది. మొదట్లో విసిరింది ప్రాణమున్న పావురాలనే. 1900 పారిస్ క్రీడల్లో కూడా బతికున్న పక్షుల్ని కాల్చే పోటీ జరిగింది. అమెరికాలో జార్జ్ లిగోవ్‌స్కీ 1880లో తయారుచేసిన పళ్లేలు ఆ హింసకు ప్రత్యామ్నాయం చూపించాయి. స్కీట్ పుట్టుక ఇంకా ముచ్చటైనది. 1920 ప్రాంతంలో అమెరికాలోని ఆండోవర్‌లో చార్లెస్ డేవీస్ అనే వేటగాడు గుండ్రటి మైదానం గీసుకుని, గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ కాల్చడం మొదలుపెట్టాడు. పక్క స్థలంలో కోళ్లఫారం వచ్చింది. సీసపు పూసలు కోళ్ల మీద పడుతున్నాయని మైదానాన్ని సగానికి కోసి, రెండో యంత్రాన్ని ఎదురుగా పెట్టారు. ఈనాటి అర్ధచంద్రం ఆ కోళ్ల పుణ్యమే. 1968లో అది ఒలింపిక్స్‌కు చేరింది.

1992 బార్సిలోనాలో స్త్రీ పురుషులు కలిసే స్కీట్ ఆడారు. చైనా యువతి జాంగ్ షాన్ మగవాళ్లందరినీ దాటి స్వర్ణం గెలిచింది. ఆ తర్వాతి ఒలింపిక్స్‌లో స్కీట్‌ను మగవాళ్లకే పరిమితం చేశారు. జాంగ్ షాన్‌కు పతకం కాపాడుకునే అవకాశమే ఇవ్వలేదు. మహిళలకు విడిగా స్కీట్ వచ్చింది 2000 సిడ్నీలో. ఆ అన్యాయాన్ని ఈ ఆట గురించి రాసే ప్రతివాళ్లూ గుర్తుచేయాలి.

ఇక ఖతార్ సంగతి. నాసర్ అల్ అత్తియా పేరు కార్ల పందేల అభిమానులకు బాగా తెలుసు. ఎడారులు దాటే డాకర్ ర్యాలీని 2011లో మొదటిసారి గెలిచి, 2015, 2019, 2022, 2023లో మళ్లీ మళ్లీ గెలిచినవాడు. స్టీరింగ్ పట్టే ఆ చేతులే స్కీట్ తుపాకీ పట్టాయి. 1996 అట్లాంటా మొదలుకొని 2016 రియో దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. 2004 ఏథెన్స్‌లో మూడో స్థానానికి సమంగా నిలిచి, సమాన్ని విడదీసే షూటాఫ్‌లో ఓడిపోయాడు. పతకం చేతిదాకా వచ్చి జారింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2012 జూలై 31న లండన్‌లో అదే పరిస్థితి ఎదురైంది. అమెరికా సైనికుడు విన్సెంట్ హాన్‌కాక్ స్వర్ణం, డెన్మార్క్ షూటర్ గోల్డింగ్ రజతం పట్టుకుపోయారు. మూడో స్థానానికి నాసర్, రష్యాకు చెందిన వలేరీ షోమిన్ సమానమయ్యారు. షూటాఫ్‌లో ఈసారి షోమిన్ పళ్లెం ముందు తప్పింది. నలభై ఒకటో ఏట నాసర్ మెడలో కాంస్యం పడింది.

అదే లండన్‌లో, అదే షూటింగ్ వేదిక మీద, ఒక్కరోజు ముందు, జూలై 30న మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. రెండు పతకాలు, రెండు నగరాలు, ఒక్క రోజు తేడా. దోహాలో ఉన్న హైదరాబాదీకి ఆ రెండు రోజులూ పండగే కావాలి. ఆ క్రీడల్లో ఖతార్ జెండా మోసింది కూడా ఒక షూటరే. ఆ దేశం తొలిసారిగా ఒలింపిక్స్‌కు పంపిన మహిళల్లో ఒకరైన బహియా అల్ హమద్, ఎయిర్ రైఫిల్ క్రీడాకారిణి.

చుట్టుపక్కల గల్ఫ్ దేశాలనూ కలుపుకుంటే ఈ ఆట బలం ఇంకా తెలుస్తుంది. 2004 ఏథెన్స్‌లో, రెండు పళ్లేలు ఒకేసారి వదిలే డబుల్ ట్రాప్‌లో స్వర్ణం యూఏఈకి చెందిన అహ్మద్ అల్ మక్తూమ్‌ది, రజతం మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌ది. స్వాతంత్ర్యం తర్వాత ఒలింపిక్స్‌లో వ్యక్తిగత రజతం గెలిచిన తొలి భారతీయుడు రాథోడే. అల్ మక్తూమ్ తర్వాత బ్రిటన్ కుర్రాడు పీటర్ విల్సన్‌కు గురువై, 2012లో అతనికి స్వర్ణం తెచ్చిపెట్టాడు. కువైట్ సైనికాధికారి ఫెహైద్ అల్ దీహానీ 2000లో, 2012లో కాంస్యాలు గెలిచి, 2016లో స్వర్ణం అందుకున్నాడు. అప్పటికి కువైట్ మీద ఒలింపిక్ సంఘం నిషేధం ఉండటంతో తన దేశం జెండా కాక ఒలింపిక్ జెండా పైకి లేచింది. అబ్దుల్లా అల్ రషీదీ యాభై ఏడేళ్ల వయసులో టోక్యోలో స్కీట్ కాంస్యం గెలిచాడు. మనవల్ని ఆడించే వయసులో ఒలింపిక్ పతకం గెలవగలిగే ఆటలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయి? కండబలం, ఎత్తు, పరుగు వేగం ఇక్కడ అంతగా లెక్కలోకి రావు. కన్ను, ఓర్పు, ఏళ్ల తరబడి చేసిన సాధన నిలబెడతాయి. ఈ ఆటను నేను ఇష్టపడేది అందుకే.

దోహాకూ మన షూటర్లకూ ఉన్న బంధం 2006 ఆసియా క్రీడలతో గట్టిపడింది. ఆ డిసెంబర్‌లో లుసైల్ రేంజిలో జస్పాల్ రాణా ఒళ్లు కాలే జ్వరంతో పిస్టల్ పట్టి స్వర్ణాలు కొట్టాడు. షాట్‌గన్‌లో మానవ్‌జిత్ సింగ్ సంధూ ట్రాప్ రజతం, రాథోడ్ డబుల్ ట్రాప్ కాంస్యం తెచ్చారు. 2019 నవంబర్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ మళ్లీ అక్కడే జరిగింది. పురుషుల స్కీట్ ఫైనల్లో అంగద్ వీర్ సింగ్ బాజ్వా, మైరాజ్ అహ్మద్ ఖాన్ ఇద్దరూ అరవైకి 56 కొట్టి సమానంగా నిలిచారు. ఇద్దరూ మనవాళ్లే. షూటాఫ్‌లో ఆరు, ఐదు తేడాతో అంగద్ గెలిచాడు. ఇద్దరికీ టోక్యో టికెట్ దొరికింది. స్కీట్‌లో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయుడు మైరాజే, 2016లో. 2023 మార్చిలో దోహా ప్రపంచకప్‌లో పుదుక్కోట్టై రాజకుటుంబానికి చెందిన పృథ్వీరాజ్ తొండైమాన్ ట్రాప్ కాంస్యం గెలిచాడు.

వీటన్నిటిలోనూ నాకు ఎక్కువగా గుర్తుండిపోయేది 2024 ఏప్రిల్. పారిస్ ఒలింపిక్స్‌కు షాట్‌గన్ క్రీడాకారులకు చివరి అర్హత పోటీ దోహాలో జరిగింది. ఇక్కడ తప్పితే మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. రాజస్థాన్ జాలోర్ ప్రాంతపు మహేశ్వరి చౌహాన్ మహిళల స్కీట్ ఫైనల్లో చిలీకి చెందిన ఫ్రాన్సిస్కా క్రొవెట్టోతో సమానంగా నిలిచింది. షూటాఫ్‌లో ఒక్క పళ్లెం తేడాతో ఓడింది. రజతంతో పాటు పారిస్ బెర్త్ దక్కింది. షూటింగ్‌లో భారత్‌కు అది 21వ స్థానం. అంతకు ముందు ఏ ఒలింపిక్స్‌కూ మనకు అన్ని దొరకలేదు. మూడు నెలల తర్వాత అదే క్రొవెట్టో పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. దోహాలో ఆమెతో ఒక్క పళ్లెం దాకా పోరాడిన మన అమ్మాయి ఎంత ఎత్తున నిలబడిందో అప్పుడు అర్థమైంది. పారిస్‌లో మహేశ్వరి, అనంత్‌జీత్ సింగ్ నరుకా జోడీ మిశ్రమ స్కీట్ కాంస్యం కోసం చైనాతో తలపడి 43–44 తేడాతో ఓడిపోయింది. అక్కడా ఒక్క పళ్లెమే.

ఈ పేర్లన్నిటి మధ్య తెలుగు నేల ఎక్కడుంది అని పాఠకుడు అడుగుతాడు. ఉంది, కానీ ఒక్క నగరంలోనే ఉంది. 2002లో జాతీయ క్రీడలకు హైదరాబాద్ ఆతిథ్యం ఇచ్చినప్పుడు గచ్చిబౌలి ప్రాంతంలో, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర పెద్ద షూటింగ్ రేంజి కట్టారు. మరుసటి ఏడాది అదే నగరంలో జరిగిన ఆఫ్రో–ఆసియన్ క్రీడల్లో షూటింగ్ కూడా ఒక పోటీ. ఆ నగరం నుంచి ట్రాప్‌లో కైనన్ చెనాయ్ వచ్చాడు. హైదరాబాద్ పార్సీ కుటుంబపు కుర్రాడు. 2016 రియోలో ట్రాప్ ఆడాడు. 2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అతని రోజు వచ్చింది. అర్హత రౌండ్లలో 125కు 122 కొట్టాడు. జోరావర్ సింగ్ సంధూ 120, పృథ్వీరాజ్ 119. మొత్తం 361, ఆసియా క్రీడల రికార్డు. జట్టు స్వర్ణం మనకు, రజతం కువైట్‌కు. గల్ఫ్ జట్టును వెనక్కి నెట్టి గెలవడమంటే ఈ ఆటలో చిన్న మాట కాదు. వ్యక్తిగత పోటీలో కైనన్‌కు కాంస్యం కూడా దక్కింది. స్కీట్‌లో హైదరాబాద్ నుంచి రష్మీ రాథోడ్ దేశం తరఫున ఆడింది.

ఆ తర్వాత? పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన జిల్లాల నుంచి పరుగుల రాణులు, బాక్సర్లు, వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. షాట్‌గన్ పట్టినవాళ్లు అలా రాలేదు. కారణం దాచేదేమీ కాదు. ఈ ఆటకు ఖర్చు భయంకరం. ఒలింపిక్ స్థాయి షూటర్లు వాడే జోడు నాళికల తుపాకీలు ఎక్కువగా ఇటలీలో పెరాజీ, బెరెట్టా, జర్మనీలో క్రీగాఫ్ సంస్థలు తయారుచేస్తాయి. తుపాకీ ఒకసారి కొంటే సరిపోతుందనుకుందాం. రోజుకు నాలుగు రౌండ్ల స్కీట్ సాధన చేస్తే వంద తూటాలు, వంద పళ్లేలు. ఏడాదిలో రెండొందల రోజులు చేస్తే ఇరవై వేల తూటాలు. ట్రాప్‌లో రెండో తూటా కూడా ఉంటుంది గనక ఇంకా ఎక్కువ. మధ్యతరగతి తల్లిదండ్రులు ఆ లెక్క విన్నాక పిల్లవాడి చేతికి బ్యాడ్మింటన్ రాకెట్ ఇస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

అందుకే మన దేశంలో ఈ ఆట చాలాకాలం రాజకుటుంబాల చేతుల్లో ఉండిపోయింది. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ట్రాప్ రజతం గెలిచాడు. ఢిల్లీ తుగ్లకాబాద్ రేంజికి ఆయన పేరే పెట్టారు. పటియాలా వంశానికి చెందిన రణ్‌ధీర్ సింగ్ 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ట్రాప్ స్వర్ణం తెచ్చాడు. వాళ్ల ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ ఆట తలుపు కోటగోడ లోపలే ఉంటే బయటివాడికి ఎలా తెరుచుకుంటుంది?

దానికి జవాబు దోహాలో సగం, భోపాల్‌లో సగం దొరుకుతుంది. దోహా చెప్పేది రేంజి గురించి. ఒక క్రీడోత్సవానికి వేదికైన రేంజిని ఉత్సవం అయ్యాక మూలన పడనివ్వలేదు. ఆసియా ఛాంపియన్‌షిప్, ప్రపంచకప్, ఒలింపిక్ అర్హత పోటీ అంటూ ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి పెట్టారు. అక్కడి కుర్రాడు ప్రపంచ ఛాంపియన్‌ను చూడటానికి విమానం ఎక్కనక్కర్లేదు. పక్క వరుసలో నిలబడి చూస్తాడు. ఆసియాలోని పెద్ద షూటర్లందరికీ ఆ నేల, ఆ గాలి, ఆ వెలుతురు అలవాటైపోయాయి. పోటీలకు నిలయమైన నేలకు దక్కే లాభం అది.

భోపాల్ చెప్పేది మనుషుల గురించి. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2007లో అక్కడ షూటింగ్ అకాడమీ పెట్టింది. తుపాకీ, తూటా, పళ్లెం, కోచ్ అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. ఊరూరా తిరిగి ఎంపిక పరీక్షలు పెట్టారు. భోపాల్ చెరువులో చేపలు పట్టి అమ్మే కుటుంబపు పిల్ల మనీషా కీర్ అలా ఆ అకాడమీలో చేరింది. ఇటార్సీలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడిపే ఇంటి బిడ్డ ప్రీతి రజక్ కూడా అలాగే. కైనన్ జట్టు స్వర్ణం గెలిచిన హాంగ్‌జౌలోనే, ఆ ఇద్దరూ రాజేశ్వరీ కుమారితో కలిసి మహిళల ట్రాప్ జట్టు రజతం తెచ్చారు. ప్రీతి ఆ తర్వాత సైన్యంలో సుబేదార్ హోదా అందుకుంది, ఆ హోదా పొందిన తొలి మహిళగా. రాజేశ్వరీ కుమారి పటియాలా రణ్‌ధీర్ సింగ్ కూతురు. జాలరి బిడ్డ, చాకలి బిడ్డ, రాజు బిడ్డ ఒకే వేదిక మీద ఒకే పతకం మెడలో వేసుకున్నారు. ఆ ఫొటో మన క్రీడాశాఖ గోడల మీద ఉండాలని నా కోరిక.

ఇంకొక విషయం కూడా దాటవేయకూడదు. రోజుకు వంద తూటాలంటే ఒక్క షూటర్ నుంచి రెండు కిలోల నాలుగొందల గ్రాముల సీసం నేల మీద పడుతుంది. సీసం విషం. పళ్లేలకు వాడే తారు జిగురులో కూడా నేలకు హాని చేసే పదార్థాలు ఉంటాయి. ఐరోపా సమాఖ్య 2023లో చిత్తడి నేలల్లో సీసపు తూటాలను నిషేధించింది. కొత్త రేంజి కట్టేటప్పుడు, పాతదాన్ని బాగుచేసేటప్పుడు చెరువు ఎంత దూరంలో ఉంది, వాన నీళ్లు ఎటు పారతాయి, రాలిన సీసాన్ని ఏటా ఏరి తీసే ఏర్పాటు ఏమిటి అని అడగాలి. చెరువుల నగరమైన హైదరాబాద్‌కు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఆటను ప్రేమించేవాళ్లే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది.

దోహాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఇక్కడి తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక లాంటి సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి పిల్లల్ని వేదికల మీదికి ఎక్కిస్తాయి, క్రికెట్ పోటీలు పెడతాయి. ఖతార్ జట్టులో మన పిల్లలు ఆడలేరు, దానికి పౌరసత్వం కావాలి. చూడటానికి మాత్రం అడ్డేమీ లేదు. అంతర్జాతీయ పోటీ జరిగే వారం వస్తే ఒక శుక్రవారం అల్ సద్‌లో మెట్రో ఎక్కించి పిల్లల్ని లుసైల్ తీసుకెళ్లండి. చెవులకు ఇయర్‌ప్లగ్‌లు పట్టుకెళ్లండి. షూటర్ నడిచేటప్పుడు తుపాకీ ఎలా మడిచి పట్టుకుంటాడో చూపించండి. నాళిక ఖాళీగా ఉందని ఆమడ దూరం నుంచి కూడా అందరికీ కనిపించాలన్నది ఇక్కడ తిరుగులేని నియమం. తన స్థానంలో నిలబడేదాకా తూటా లోపలికి పెట్టడు. సినిమాల్లో తుపాకీని చూసి పెరిగే పిల్లలకు, తుపాకీ దగ్గర మనిషి ఎంత క్రమశిక్షణగా ఉండాలో కళ్లతో చూడటం మంచిదే.

హైదరాబాద్ రేంజికి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రభుత్వం సొంతంగా పది తుపాకీలు కొనాలి, ఇద్దరు కోచ్‌లను పెట్టాలి. నెలకొక ఆదివారం జిల్లాల నుంచి ఎంపిక చేసిన గురుకుల పాఠశాలల పిల్లల్ని బస్సులో తెచ్చి, లైసెన్సు నిబంధనల ప్రకారం కోచ్ పక్కన నిలబడి ఒక్కొక్కరి చేత ఇరవై ఐదు పళ్లేలు కొట్టించాలి. యాభై మంది పిల్లలు వస్తే 1,250 పళ్లేలు, స్కీట్ అయితే అన్నే తూటాలు. ఒక క్రీడోత్సవం ప్రారంభ సభకు పెట్టే ఖర్చులో అదెంత? ఆ యాభై మందిలో పళ్లేన్ని ముందుగా చూసే కన్ను ఎవరికి ఉందో ఆ ఒక్క ఉదయంలోనే కోచ్‌కు తెలిసిపోతుంది. ఆ పిల్ల పేరు, ఊరు రాసుకుని, మరుసటి నెల తూటాలు, బస్సు చార్జీ, భోజనం ప్రభుత్వమే భరించి మళ్లీ రేంజికి పిలిపించాలి.